రాడ్డు సాగితే మంచిదా, సాగకపోతే మంచిదా?

అడగండి చెప్తా – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల స్లాబు పగుళ్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగం పైన ఇనుము సాగడం మీదే ఉన్నాయి. సరే, ఈసారి మొత్తం అవే పెట్టేశాను. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు రాడ్లు లాగి తెంపడమే నా ఉద్యోగం కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడితే ఓర్చుకోండి.

ప్రశ్న (కాకినాడ): గురువుగారూ, ఇల్లు కట్టుకుంటున్నాం. మేస్త్రి 550 రాడ్డు తెమ్మంటాడు, నెంబరు పెరిగితే బలం పెరుగుద్ది అని. ఇంజనీరేమో 500డి చాలు అంటున్నాడు. షాపులో ఇచ్చిన టెస్ట్ కాగితంలో ఎలాంగేషన్ 18 శాతం అని ఉంది. ఇనుము 18 శాతం సాగిపోతే మా ఇల్లు నిలబడుద్దాండీ?

ముందు ఆ భయం తీసేద్దాం. ఆ 18 శాతం మీ ఇంట్లో సాగేది కాదు, లాబ్‌లో తెగేదాకా లాగితే సాగింది. యూటీఎం అని పెద్ద మిషను ఉంటుంది, 12 ఎంఎం రాడ్డు ముక్క తీసుకుని దాని మీద 60 ఎంఎం దూరంలో రెండు గుర్తులు కొట్టి, పైనా కిందా దవడల్లో బిగించి నెమ్మదిగా లాగుతారు. తెగాక ఆ రెండు ముక్కలూ మళ్లీ అతికినట్టు ఆనించి గుర్తుల మధ్య దూరం కొలుస్తారు, 60 కాస్తా 70.8 అయితే అదే మీ 18 శాతం. గుర్తులు రాడ్డు లావుకి 5 రెట్ల దూరంలోనే ఎందుకూ అంటే, తెగేముందు సాగుడు ఎక్కువగా ఒక్కచోటే పోగవుతుంది, అదే రాడ్డుని 200 ఎంఎం మీద కొలిస్తే శాతం తగ్గిపోతుంది. కాబట్టి ఎంత పొడవు మీద కొలిచారో తెలీకుండా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చొద్దు.

ఇక 500 అనే నెంబరు. చదరపు మిల్లీమీటరుకి 500 న్యూటన్లు లాగేదాకా రాడ్డు లొంగదు, అంటే తిరిగిరాకుండా సాగిపోదు అని దానర్థం. 12 ఎంఎం రాడ్డుని అడ్డంగా కోస్తే వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే దగ్గరదగ్గర 5.7 టన్నులు, చిన్న కార్లు ఓ ఆరు దానికి వేలాడదీయొచ్చన్నమాట. అంత లాగినా అప్పటికి సాగేది మీటరుకి రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే, బరువు తీసేస్తే అదీ వెనక్కి వచ్చేస్తుంది. మీ ఇంట్లో మామూలు రోజుల్లో రాడ్డు మీద పడేది అందులో సగమో ఇంకాస్తో, అంతే. కాబట్టి నిద్రపోండి హాయిగా.

మరి ఆ లొంగాక సాగే 12 శాతం, 16 శాతం ఎందుకు కొనుక్కోవడం అంటే, నన్నడిగితే రాడ్డులో మనం డబ్బు పెట్టేది బలానికి ఎంతో ఆ సాగుడికీ అంతే. ఐఎస్ 1786 అని మన దేశంలో రాడ్లకున్న స్టాండర్డ్, అందులో 500 రకం కనీసం 12 శాతం సాగాలి, 500డి అయితే 16 శాతం, 550 అయితే 10 చాలు, 550డికి 14.5. డి అంటే డక్టిలిటీ, సాగే గుణం. ఆ గుణం రావడానికి 500డిలో కార్బన్ 0.25 శాతం దాటనివ్వరు, ఉత్త 500లో అయితే 0.30 దాకా వదిలేస్తారు. గంధకం, భాస్వరం కూడా తగ్గించాలి. కాంక్రీటు చూస్తే అసలు సాగే జాతి కాదు, లాగితే మీటరుకి 0.1, 0.15 మిల్లీమీటరు దగ్గరే పగిలి కూర్చుంటుంది, ఇక అక్కణ్నుంచి మోసేదంతా రాడ్డే. బరువు మితిమీరిందనుకోండి, సాగే రాడ్డున్న బీమ్ ముందు పగుళ్లు విడుతుంది, కిందకి దిగుతుంది, ఇంట్లోవాళ్లకి కనపడుతుంది, బయటికి పరిగెత్తే టైము ఉంటుంది. సాగని రాడ్డయితే ఆ టైము ఇవ్వదు. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 భూకంపం వచ్చి పొద్దున్నే చాలామందిని ఇళ్లలోంచి బయటికి తెచ్చింది కదా, అలాంటి ఊపుల్లో బిల్డింగు ముందుకీ వెనక్కీ వంగుతూ ఆ శక్తిని తాగేయాలి, తాగేది ఈ తిరిగిరాని సాగుడే.

ఇంకో సంగతి, మేస్త్రికి కూడా చెప్పండి. 550 వేస్తే స్లాబు తక్కువ వంగుద్ది అనుకుంటారు చాలామంది, అది తప్పు. లొంగేముందు ఎంత బరువుకి ఎంత సాగుతుందన్నది నెంబరుని బట్టి మారదు, ఏ ఉక్కయినా ఒకటే, దాన్ని చెప్పే కొలతే యంగ్స్ మాడ్యులస్, ఉక్కుకి చదరపు మిల్లీమీటరుకి దాదాపు రెండు లక్షల న్యూటన్లు. అల్యూమినియం అయితే 70 వేలే, అందుకే అదే బరువుకి మూడు రెట్లు సాగుతుంది. గట్టిగా ఉండటం వేరు, బలంగా ఉండటం వేరు, సాగడం వేరు. తెలుగులో మూడింటికీ కలిపి "స్ట్రాంగు" అనేసి ఊరుకుంటున్నాం, గొడవంతా అక్కడే.

ఓసారి సైటు నుంచి ఒక ముక్క పట్టుకొచ్చారు, మిషన్లో పెడితే ఢామ్మని తుపాకీ పేలినట్టు తెగింది, తెగేముందు ఒకచోట మెడలా సన్నబడటం లేదు ఏం లేదు, సుద్దముక్క విరిగినట్టు బల్లపరుపుగా. తెచ్చినాయన సంబరంగా "చూశారా సార్ ఎంత గట్టిదో, సాగనే లేదు" అన్నాడు. ఆ లాట్ వెనక్కి పంపించెయ్యమని చెప్పడానికి నాకు గంట పట్టింది.

ప్రశ్న (నంద్యాల, డిప్లొమా రెండో సంవత్సరం): సార్ లాబ్‌లో మైల్డ్ స్టీల్ (కార్బన్ తక్కువున్న మెత్తటి ఉక్కు) లాగినప్పుడు గ్రాఫ్ నిటారుగా పోయి పోయి ఒక్కసారిగా కిందకి జారి, కాసేపు వంకరటింకరగా అడ్డంగా నడిచి, మళ్లీ పైకెక్కింది. అల్యూమినియంకి అట్లా రాలేదు. రికార్డులో బొమ్మ వేశాం గానీ ఎందుకో ఎవరూ చెప్పలేదు. చివర్లో లాగుతూనే ఉన్నా లోడ్ ఎందుకు తగ్గుతుంది?

మంచి ప్రశ్న బాబూ, రికార్డులో బొమ్మ వేసి వైవాలో నీళ్లు నమిలేవాళ్లే నేను చూసినవాళ్లలో ఎక్కువ.

లోహంలో పరమాణువులు వరసలు వరసలుగా సర్దుకుని ఉంటాయి. లాగినప్పుడు ఒక వరస ఇంకో వరస మీద జారితేనే శాశ్వతంగా సాగడం. 1926లో ఫ్రెంకెల్ అనే రష్యన్ ఆయన వరస మొత్తం ఒకేసారి జారడానికి ఎంత బలం కావాలో లెక్క కడితే, నిజం లోహాలకి అవసరమయ్యేదానికన్నా వందల నుంచి వేల రెట్లు ఎక్కువ వచ్చింది. అంటే వరస మొత్తం ఒకేసారి జరగట్లేదు. మరెలా? పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు తెచ్చుకో. వరస నిండా కూర్చున్నారు, ఈ చివర ఇంకొకళ్లకి చోటు కావాలి. ఒక్కసారిగా నలభై మందిని విస్తళ్లతో సహా జరపాలంటే అయ్యే పనేనా? ఆ చివరాయన ఒక్కడు జరుగుతాడు, ఖాళీ వస్తుంది, పక్కాయన ఆ ఖాళీలోకి, ఆయన పక్కాయన ఈయన చోట్లోకి, ఖాళీ అలా నడుచుకుంటూ ఈ చివరకి వస్తుంది. ఏ క్షణంలో చూసినా కదిలేది ఒక్కళ్లే, కానీ అయిపోయాక బంతి మొత్తం జరిగింది. లోహంలో అలా నడిచే లోపాన్ని డిస్‌లొకేషన్ అంటారు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే శాస్త్రవేత్తలు ముగ్గురూ ఎవరికి వాళ్లు విడివిడిగా ఈ మాట చెప్పారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అవి కదలడం కళ్లతో చూసింది మాత్రం 1956లో, కేంబ్రిడ్జిలో. ఇరవై రెండేళ్లు కనపడని దాన్ని నమ్ముకుని లెక్కలు చేసుకున్నారు పాపం.

ఇప్పుడు నీ గ్రాఫు. మైల్డ్ స్టీల్లో కార్బన్, నైట్రోజన్ పరమాణువులు చిన్నవి, ఆ డిస్‌లొకేషన్ల దగ్గర చోటు వదులుగా ఉంటుంది కాబట్టి అక్కడికే చేరి తిష్ట వేస్తాయి. మన బంతిలో విస్తరి ముందు బైఠాయించి, పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని, పప్పు కలిపేసుకున్న పెద్దమనిషిలాగ. ఆయన్ని కదపాలంటే గట్టిగా బతిమాలాలి, అదే పైకి వెళ్లిన శిఖరం, అప్పర్ యీల్డ్. కదిలాడా ఇక మిగతావాళ్లు సులువుగా జరుగుతారు, లోడ్ పడిపోతుంది. కాట్రెల్ అనే శాస్త్రవేత్త 1949లో ఈ సంగతి తేల్చాడు. అడ్డంగా వంకరటింకరగా నడిచినంతసేపూ రాడ్డులో ఒక చోట మొదలైన లొంగుబాటు పట్టీలు పట్టీలుగా మిగతా రాడ్డుకి పాకుతూ ఉంటుంది, పాలిష్ చేసిన ముక్క అయితే ఆ పట్టీలు కంటికే కనిపిస్తాయి, లూడర్స్ పట్టీలంటారు. రాడ్డు మొత్తం పాకేశాక మళ్లీ గ్రాఫు ఎక్కడం మొదలు. అల్యూమినియంలో ఆ తిష్టవేసే పెద్దమనుషులు లేరు, కాబట్టి ఎక్కడ లొంగిందో గ్రాఫులో గీత గీసినట్టు కనపడదు, 0.2 శాతం దగ్గర, మొదట్లోని నిటారు గీతకి సమాంతరంగా ఇంకో గీత గీసి అది గ్రాఫుని కలిసిన చోటుని ప్రూఫ్ స్ట్రెస్ అని ఒప్పుకుంటాం. అది ప్రకృతి పెట్టిన గీత కాదు, మనం పెట్టుకున్న ఒప్పందం.

చివర్లో లోడ్ తగ్గడం గురించి. రాడ్డు సాగేకొద్దీ రెండు పనులు పోటీ పడుతుంటాయి, సాగినచోట లోహం ముదిరి ఇంకా బలపడుతుంది, అదే సమయంలో సన్నబడుతుంది. మొదట్లో ముదరడం గెలుస్తుంది, ఒకచోట కొంచెం సన్నబడినా అక్కడ బలం పెరిగింది కాబట్టి సాగుడు పక్కకి పోతుంది, అందుకే రాడ్డు అంతా సమానంగా సాగుతుంది. ఎప్పుడైతే ముదిరే వేగం సన్నబడే వేగం కన్నా వెనకబడిందో, అక్కణ్నుంచి ఒక్కచోటే సాగుతుంది, మెడ పడుతుంది. 1885లో కాన్సిడేర్ అనే ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టాడు ఈ లెక్క. మెడ దగ్గర వైశాల్యం తగ్గిపోయింది కాబట్టి మిషను చూపించే లోడ్ తగ్గింది, అంతేగానీ ఆ మెడలో ఉన్న లోహం మీద నిజంగా పడే ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. నువ్వు గ్రాఫు గీసేటప్పుడు మొదటి వైశాల్యంతోనే భాగించావు కదా, అందుకని పడిపోయినట్టు కనిపిస్తుంది. ఈసారి తెగిన వెంటనే మెడ ముట్టుకుని చూడు, వెచ్చగా ఉంటుంది. తెగిన ముఖం ఒకవైపు కప్పులా, ఇంకోవైపు మొనలా ఉంటుంది, ముందు మధ్యలో చిన్న చిన్న బొక్కలు పడి కలిసిపోయి, ఆఖరున అంచు ఏటవాలుగా తెగడం వల్ల వచ్చే ఆకారం అది. వైవాలో ఇది చెప్పు, మార్కులు వేస్తారు.

ప్రశ్న (ఖమ్మం): బండి చైన్ సాగింది మార్చాలి అంటాడు మెకానిక్. టన్నుల బరువు వేలాడదీసినా మీటరుకి రెండున్నర మిల్లీమీటర్లే సాగే ఉక్కు నా బండికే సాగిందా, లేక నన్ను మోసం చేస్తున్నాడా?

మోసం కాదు, మాట తప్పు అంతే. చైన్ పొడవు పెరుగుతుంది, ఇనుము సాగి కాదు, అరిగి. ప్రతి లింకులో పిన్ను బుష్ లోపల తిరుగుతూ అరుగుతుంది. ఒక్కో లింకు దగ్గర 0.1 ఎంఎం అరిగిందనుకోండి, 110 లింకుల చైన్‌కి 11 ఎంఎం పొడుగు. అప్పుడు స్ప్రాకెట్ పళ్ల మీద సరిగ్గా కూర్చోక వాటిని కూడా తినేస్తుంది, అందుకే సెట్టు మొత్తం మార్చమంటారు. దుమ్ము తుడిచి ఆయిలు వేసుకుంటూ ఉంటే లేటుగా "సాగుతుంది".

ప్రశ్న (ప్రొద్దుటూరు): మా జేజినాయన బంగారం పని చేసేవాడు. కమ్మచ్చులో (బెజ్జాలున్న పలకలో) తీగ లాగేటప్పుడు నాలుగైదు బెజ్జాలు అయినాక తీగను కాల్చి చల్లార్చి మళ్లా లాగేవాడు. ఎందుకు కాల్చాలి? అయినా రెండువైపులా పట్టుకుని లాగితే సన్నమైపోదా, బెజ్జంలోంచి ఎందుకు దూర్చడం?

అమ్మా, ఈ ప్రశ్న చదివి నాకు చాలా సంతోషమేసింది, పైన నంద్యాల అబ్బాయికి చెప్పిందంతా మీ జేజినాయన చేతుల్లో ఉంది.

రెండో సగం ముందు చెప్తా. రెండువైపులా పట్టుకుని లాగితే కొంతదూరం బాగానే సాగుతుంది, తర్వాత ఎక్కడో ఒకచోట మెడ పడి తెగిపోతుంది, కాన్సిడేర్ లెక్క బంగారాన్నీ వదలదు. కమ్మచ్చులో జరిగేది వేరు. బెజ్జం గోడలు తీగని చుట్టూ నొక్కుతాయి, పట్టకారుతో మీరు ముందుకి లాగుతారు, లాగుడూ నొక్కుడూ కలిసి పనిచేస్తాయి కాబట్టి ఉత్త లాగుడికన్నా తక్కువ బలంతోనే లోహం లొంగుతుంది. సన్నబడటం బెజ్జంలోనే జరుగుతుంది, అవతలకి వచ్చిన తీగ అప్పటికే ముదిరి ఉంటుంది కాబట్టి మీ లాగుడికి ఇంక సాగదు. అయినా హద్దు ఉంది, ఒకేసారి మరీ చిన్న బెజ్జంలో దూరిస్తే లాగే బలం తీగ తట్టుకునేదానికన్నా ఎక్కువై పుటుక్కున తెగుద్ది. అందుకే కమ్మచ్చులో బెజ్జాలు ఒకదానికన్నా ఒకటి కొంచెం కొంచెం చిన్నవి.

సాగేటప్పుడు లోహం ఎక్కడికీ పోదు, లావు తగ్గేకొద్దీ పొడుగు పెరుగుతుంది. గ్రాము మేలిమి బంగారాన్ని 1 ఎంఎం తీగ తీస్తే ఆరున్నర సెంటీమీటర్లు వస్తుంది, అర ఎంఎం తీస్తే 26 సెంటీమీటర్లు, పావు ఎంఎం తీస్తే మీటరు దాటుతుంది. లావు సగమైతే పొడుగు నాలుగు రెట్లు. అలా తీసుకుంటూ పోతే గ్రాముకి రెండు కిలోమీటర్ల పైనే తీయొచ్చు, అయితే అప్పుడది తీగో సాలెగూడో కంటికి తెలీదు.

ఇక కాల్చడం. లాగిన ప్రతిసారీ తీగలో కొత్త డిస్‌లొకేషన్లు పుడతాయి. మెత్తటి లోహంలో చదరపు సెంటీమీటరుకి పది లక్షల నుంచి పది కోట్ల దాకా ఉండేవి, బాగా లాగేసరికి లక్ష కోట్ల దాకా పోతాయి. ఒకదానికొకటి అడ్డం పడి చిక్కులు పడిపోతాయి, బంతిలో అందరూ ఒకేసారి లేచి జరగబోతే ఏమవుద్దో అదే. ఇక ఏదీ కదలదు, తీగ గట్టిపడుతుంది, ఇంకా లాగితే తెగుతుంది. కాల్చినప్పుడు ఆ చిక్కుల్లోంచే చిక్కులేని కొత్త స్ఫటిక రేణువులు పుట్టి పాతవాటిని తినేస్తాయి, తీగ మళ్లీ మెత్తనవుతుంది. కరగనక్కర్లేదు, కరిగే వేడికి చాలా కిందే ఇది జరిగిపోతుంది. సీసానికైతే కాల్చక్కర్లేదు కూడా, మన గది వేడికే దానంతటదే మెత్తబడుతుంది, అందుకే సీసం ముక్కని ఎన్నిసార్లు వంచినా ముదరదు. మీ జేజినాయనకి మైక్రోస్కోపు లేదు, ఎప్పుడు కాల్చాలో పట్టకారు చెప్పేది, చేతికి బిగువు తగలగానే.

ప్రశ్న (కరీంనగర్): సార్, పదేండ్ల కింద పైన ఇంకో అంతస్తు ఏద్దామని పిల్లర్ రాడ్లు ఇడిసిపెట్టి, అడ్డమొస్తున్నయని వంచి పెట్టినం. ఇప్పుడు నిలువు చేస్తుంటే ఒకటి పటుక్కున ఇరిగింది. కల్తీ ఇనుమా?

కల్తీయే అని చెప్పలేను, మంచి ఇనుము కూడా ఇలా చేస్తుంది. వంచినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది. రాడ్డు లావుకి నాలుగు రెట్లున్న గుండ్రం చుట్టూ వంచితే బయటి అంచు 20 శాతం సాగుతుంది, పైపు దూర్చి ఎడాపెడా వంచేస్తే మడత ఇంకా బిగుతు, రెండు రెట్ల గుండ్రం అనుకుంటే 33 శాతం. మొదటి ప్రశ్నలో తెగేముందు సాగేది 12, 16 అన్నాను కదా, అది రెండు గుర్తుల మధ్య దూరమంతటికీ సగటు, తెగేచోట అంతకన్నా చాలా ఎక్కువే సాగుతుంది, కాబట్టి వంచగానే వెంటనే తెగలేదు, కానీ ఉన్న సాగుడు చాలామటుకు ఆరోజే ఖర్చయిపోయింది. ఆపైన పదేళ్లు ఎండలో ఉంది. ఆ కార్బన్, నైట్రోజన్ పరమాణువులు నిదానంగా నడుచుకుంటూ కొత్త డిస్‌లొకేషన్ల దగ్గరికి చేరి మళ్లీ తిష్ట వేశాయి, రాడ్డు ఇంకా పెళుసు అయింది. దీన్ని స్ట్రెయిన్ ఏజింగ్ అంటారు. స్టాండర్డ్‌లో దీనికోసమే ఒక పరీక్ష ఉంది, రాడ్డుని వంచి అరగంట మరిగే నీళ్లలో ఉంచి తీసి, చల్లారాక వెనక్కి వంచుతారు. ఏళ్లు పట్టే పనిని ఆ వేడినీళ్లు అరగంటలో చేస్తాయన్నమాట. దీనికితోడు రాడ్డు మీద గీతల మొదట్లో తుప్పు తిన్న గుంట ఒకటి ఉంటే చీలిక అక్కడే మొదలవుద్ది.

గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచితే పోలా అంటారు, వద్దు. టీఎంటీ రాడ్డు బలం చాలామటుకు దాని పైపొరలో ఉంటుంది, మిల్లులో నీళ్లతో చప్పున చల్లార్చి గట్టిపరిచిన పొర అది, మీరు ఎర్రగా కాలిస్తే ఆ పొర మెత్తబడిపోతుంది. బంగారం తీగకి మంచి చేసిన మంట దీనికి చెడు చేస్తుంది. మిగిలిన రాడ్లు కూడా బలవంతంగా నిలబెట్టకండి, ఒక్కసారి స్ట్రక్చరల్ ఇంజనీర్ని పిలిచి చూపించండి. వంపు కింద మంచి రాడ్డు ఎంత మిగిలిందో చూసి, రాడ్లని కలిపే కప్లరా, కొత్త రాడ్డు దింపడమా ఆయన చెప్తాడు. పాత ఇళ్లలో మెలితిప్పిన టోర్ స్టీలు రాడ్లయితే ఇంకా జాగ్రత్త, వాటిని మిల్లులోనే మెలిపెట్టి ముదరబెట్టారు, బలం కోసం సాగుడు కొంత అప్పుడే వాడేశారు.

ప్రశ్న (విజయనగరం): వీణకి కొత్త తీగ వేస్తే రెండు మూడు రోజులు శ్రుతి నిలవదు. తీగ సాగుతోందా?

కొంచెం సాగుతుంది గానీ ముద్దాయి అది కాదు. వీణ ఉక్కు తీగ కమ్మచ్చులాంటి దాంట్లోంచే చాలాసార్లు లాగి ముదరబెట్టింది, మీరు బిగించే బిగువుకి అది లొంగే రకం కాదు. బిరడా చుట్టూ వేసిన చుట్లు ఒకదాని మీద ఒకటి సర్దుకుని బిగుసుకోవడం, అవతల కొస ముడి బిగియడం, వీటివల్లే వదులవుతుంది. తీగ వేశాక వేలితో మధ్యలో పట్టుకుని నెమ్మదిగా పైకి నాలుగైదుసార్లు లాగి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ లాగండి, మూడు రోజుల పని పావుగంటలో అవుద్ది. స్టేజీ లైట్ల వేడికి శ్రుతి దిగితే మాత్రం దానికి ఈ చిట్కా పనిచేయదు, ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది, బిరడా తిప్పుకోవడమే.